పరిచర్య శాస్త్రవిద్య యైన వైనము

మదరాసు సెంట్రల్ స్టేషను కెదురుగా నేటికిని రోగులతో క్రిక్కిరిసియుండు జనరలాసుపత్రి 1664లో సెంటు జార్జి కోట లోపల కంపెనీ సైనికుల కొరకు చిన్న చికిత్సాలయముగా పుట్టి, 1772 నాటికి ఇప్పటి స్థలమునకు చేరి, క్రమముగా దక్షిణదేశమునకంతకును పెద్దాసుపత్రియై పేరు గాంచినది. ఐనను రోగి మంచము ప్రక్కన నిలిచి, వేళకు మందు పోసి, పుండు కడిగి కట్టు కట్టి, జ్వరము హెచ్చు తగ్గులను కనిపెట్టు పని యొక విద్య యనియు, దానిని గురుముఖమున నేర్వవలెననియు నచ్చటి అధికారులకు తోచుటకు రెండు శతాబ్దములకు పైగా పట్టినది. 1871లో ఆ యాసుపత్రియందు నర్సింగు పాఠశాల తెరచిరి. పాఠ్యక్రమ మారు నెలల ప్రసూతి శిక్షణము, విద్యార్థినులు నలుగురు. దక్షిణభారతమున నర్సింగు విద్యకు గణపతిపూజ ఇట్లు జరిగినది.

ఈ తలంపు మదరాసులో మొలకెత్తినది కాదు. క్రిమియా యుద్ధమున 1854 నవంబరులో 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని స్కుటారీ సైనికాసుపత్రి కేగిన ఫ్లోరెన్సు నైటింగేలు దీపము చేతబట్టి నడచిన కథ మన బడిపిల్లలకు గూడ తెలిసినదే గనుక దానిని విస్తరింపను. ఆమె నిజమైన ఘనకార్యము, ప్రజలు కృతజ్ఞతతో సమకూర్చిన సుమారు 45 వేల పౌండ్ల నిధితో 1860లో లండను సెంటు థామసు ఆసుపత్రియందు నెలకొల్పిన పాఠశాల. శిక్షణ యొక సంవత్సరము. భోజన వసతులు, దుస్తులు ఉచితము, చేతిఖర్చుకు ఏడాదికి పది పౌండ్లు. ప్రతిగా శిక్షణానంతరము కొన్నేండ్లు నిధి నిర్వాహకులు పంపిన యాసుపత్రిలో పనిచేయవలెను. సమయపాలనము, శుభ్రత, విశ్వాసపాత్రత మున్నగు గుణములను మేట్రను శ్రీమతి వార్డ్‌రోపరు నెలనెలా పట్టికలో గుర్తించెడిది. విద్యార్థినులు వ్రాసిన దినచర్య పుస్తకములను నైటింగేలు స్వయముగా చదివెడిది. ఇంత కట్టుదిట్టముగా నడపిన బడిలోనే, పాఠములు చెప్పవలసిన ఆసుపత్రి నివాస వైద్యుడు మద్యపాన మత్తుడై విధిని గాలికి వదలినాడని 1872 ప్రాంతమున గాని బయటపడలేదు. మహనీయుల సంస్థలకు గూడ తనిఖీ యవసరమని దీనివలన తేటపడుచున్నది.

అంతకంటె లోతైన లోపమొకటి ఆ పాఠశాల పుట్టుకలోనే యుండెను. అందలి విద్యార్థిని సగము శిష్యురాలు, సగము పరిచారిక. పగలెల్ల వార్డులో చాకిరి చేసి, అలసిన కన్నులతో సాయంకాలము పాఠము వినవలెను. ఆమె చదువునకు ఆసుపత్రి వెచ్చించినదానికంటె ఆమె చేతిపని వలన ఆసుపత్రి కొదవిన లాభమే హెచ్చు. ఈ బేరము ప్రపంచమునందలి ఆసుపత్రుల కెంతయు నచ్చినది. నచ్చుటలో వింత లేదు. జీతమియ్యక పనిచేయించుకొను వీలు ఎవరికి చేదు? నర్సింగు విద్యాచరిత్ర యంతయు విద్యార్థిని నీ బేరమునుండి విడిపించుటకు జరిగిన సుదీర్ఘ ప్రయత్నమే యని నా యభిప్రాయము.

నైటింగేలు హిందూదేశమున నెన్నడును కాలుమోపలేదు. కాని ఇక్కడి బ్రిటిషు సైనికుల ఆరోగ్యస్థితిని విచారించుటకు 1859లో నియమితమైన రాజసంఘమున కామె తెరవెనుక సూత్రధారిణి. కంటోన్మెంటులకు ప్రశ్నావళులు పంపి, తెప్పించిన సమాధానములను గుట్టలుగా పేర్చుకొని, వేయిమంది సైనికులకు ఏటేట 69 మంది మరణించుచున్నారనియు, వారిలో పెక్కురను చంపునది శత్రువు కాక మురికినీరును, ఇరుకు బారకాసులును, మద్యమును అనియు తేల్చినది. 1865లో మన యాసుపత్రులలో నర్సింగు నెట్లు వ్యవస్థీకరింపవలెనో సూచనలు గూడ వ్రాసి పంపినది. ఫలము మెల్లమెల్లగా నొదవినది: 1888లో కేథరిన్ లాకు నాయకత్వమున పదిమంది నర్సులు సైనికాసుపత్రుల కొరకు బొంబాయిలో దిగిరి. వారు సేవచేసినది బ్రిటిషు సోల్జర్లకు. పల్లెలో పురిటినొప్పులు పడుచున్న రైతుబిడ్డ వరకు ఆ యేర్పాటు రాలేదు.

మనవారికి పరిచర్య క్రొత్తదా యన్నచో, కాదు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నాలుగు పాదములపై చికిత్స నిలుచునని చరకసంహిత చెప్పినది. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము ఉండవలెనని లక్షణములు గూడ నిర్దేశించినది. శాస్త్రమింత స్పష్టముగా నున్నను ఆచారము వేరుదారి పట్టినది. పరుల మలమూత్రము లెత్తుట, అన్యకులజుల దేహములను తాకుట, పరపురుషుల వార్డులో రాత్రివేళ మేల్కొనియుండుట, ఈ మూడును గౌరవకుటుంబముల స్త్రీలకు తగవని పెద్దలు తీర్మానించిరి. ఆ తీర్మానము చేసిన పెద్దలే జబ్బుపడినపుడు మాత్రము ఎవరో యొకరు వచ్చి యా పనులన్నియు చేయవలెనని యాశించిరి. అందుచేత తొలి తరములలో నర్సింగు బడి మెట్లెక్కినవారు చాలవరకు ఆంగ్లోయిండియను యువతులు, దేశీయ క్రైస్తవ కన్యలు, దిక్కులేని వితంతువులు. సమాజము కాదన్న స్త్రీలే సమాజమునకు ప్రాణదానము చేసిరి.

ఆంధ్రదేశమున నీ కథకు గుంటూరు ముఖ్యరంగము. పెన్సిల్వేనియాలో వైద్యవిద్య ముగించిన డాక్టరు అన్నా సారా కూగ్లరు 1883లో లూథరను మిషను పక్షమున గుంటూరు చేరి, మొదట జనానాలలోని స్త్రీల యిండ్లకు తానే వెళ్లి మందులిచ్చుచు, చిన్న డిస్పెన్సరీ నడపి, తుదకు 1898లో స్త్రీలకును పిల్లలకును పెద్ద ఆసుపత్రి తెరచినది. 1890ల దశకమున కేథరిన్ ఫాసు అను శిక్షిత నర్సు ఆమెకు తోడు వచ్చినది. తెల్లదొరసాని చేతి నీరు త్రాగుటయా, మైలపడుటయా అని తటపటాయించిన యిండ్లవారు కాన్పు కష్టమైన రాత్రి ఆ దొరసానికే కబురంపుట క్రమముగా అలవాటైనది. 1930లో కూగ్లరు గుంటూరులోనే కన్నుమూసినది. ఆసుపత్రి నేటికిని ఆమె పేరుతో ప్రసిద్ధమై యున్నది. తెలుగు క్రైస్తవ కుటుంబములలో తల్లి నర్సు, కుమార్తె నర్సు, మనుమరాలు నర్సు అగు వంశపరంపర కోస్తా జిల్లాలలో అరుదు గాకుండుటకు ఇట్టి మిషనాసుపత్రులే మూలము.

సాటి ప్రయత్నము తమిళదేశమున వెల్లూరులో జరిగినది. మిషనరీల యింట పుట్టిన ఐడా స్కడరు 1902లో అచ్చట నలుబది పడకల ఆసుపత్రి తెరచి, 1909లో డీలియా హౌటను సాయముతో నర్సింగు పాఠశాల ప్రారంభించినది. స్త్రీల వైద్యపాఠశాల 1918లో గాని రాలేదు. డాక్టర్లకంటె ముందు నర్సులను తయారుచేయవలెనని యామెకు తోచుట గమనింపదగినది. శస్త్రచికిత్స గంటలో ముగియును, ఆ పిమ్మటి పదిదినములు రోగిని బ్రతికించునది నర్సు గదా!

1908లో శిక్షిత నర్సుల సంఘ మేర్పడినది. 1926లో మదరాసు శాసనసభ నర్సుల, మంత్రసానుల చట్టము చేసి, పరీక్ష నెగ్గి రిజిస్టరులో పేరు నమోదైనవారే నర్సులని నిర్ణయించినది. ఆ పాతచట్టమే తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్ పేరు తగిలించుకొని మనకును వర్తించినది.

అసలు మలుపు 1946. సర్ జోసెఫ్ భోరు అధ్యక్షతన మూడేండ్లు దేశపు ఆరోగ్యవ్యవస్థను గూర్చి విచారణ జరిపిన సంఘము ఆ యేట సమర్పించిన నివేదికలో దేశమున సుమారు 7 వేల నర్సులు మాత్రమే కలరనియు, అనగా 43 వేల జనాభాకు ఒక్క నర్సు చొప్పున పడుచున్నదనియు లెక్క తేల్చినది. 6,300 మందికి ఒక డాక్టరుండగా నర్సు ఇంత దుర్లభమగుట తలక్రిందుల వ్యవస్థ. భవనము కట్టి, పైకప్పు వేసి, గోడలు మరచినట్లున్నది. అదే సంవత్సరమున ఢిల్లీలోను వెల్లూరులోను నర్సింగులో డిగ్రీ కోర్సులు ప్రారంభమైనవి. ఢిల్లీ కళాశాలకు అమెరికను నర్సు మార్గరెటా క్రెయిగు ప్రథమ ప్రిన్సిపాలు. స్వతంత్ర భారతపు తొలి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృతకౌర్ పేరు నేడా సంస్థ ధరించియున్నది. 1947 డిసెంబరులో భారత నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చి, దేశమంతటికి నొకే కొలబద్ద ఏర్పరచినది. విశ్వవిద్యాలయపు పట్టము చేతికి వచ్చిన నాడుగాని, వార్డు చాకిరికి బదులుగా పెట్టిన భోజనముగా భావింపబడిన నర్సు చదువు, చదువుగా గుర్తింపు పొందలేదు. 1959లో హైదరాబాదున ప్రభుత్వ నర్సింగు కళాశాల వెలసినది.

నేడీ విద్యకు మెట్లు పెక్కు. రెండేండ్ల ఏఎన్ఎం, మూడేండ్ల జీఎన్ఎం డిప్లొమా, నాలుగేండ్ల బీఎస్సీ, ఆపై ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. ఏఎన్ఎం చదివిన యామె పల్లెలో పిల్లలకు టీకాలు వేయుచు, గర్భిణుల పేర్లు రిజిస్టరులో వ్రాయుచు "నర్సమ్మ"గా ఇంటింటికి పరిచితురాలు. డిప్లొమా, డిగ్రీ చదివినవారు స్టాఫు నర్సులుగా చేరి హెడ్ నర్సు, నర్సింగు సూపరింటెండెంటు పదవుల దాక పోవచ్చును. ఎమ్మెస్సీ చదివినవారు బోధనకు పోదురు. సైనిక నర్సింగు సర్వీసులో చేరినవారు లెఫ్టినెంటు హోదాతో సేవ నారంభింతురు. ఇక విదేశములు. గల్ఫు దేశములు, బ్రిటను, అమెరికా, ఇటీవల జర్మనీ కూడ మన నర్సులకై చేతులు చాచుచున్నవి. ఈ దారిని ముందు తొక్కినవారు కేరళ యువతులు. తెలుగువారు వెనుకనుండి కలిసికొనుచున్నారు. అక్కడికి పోదలచినవారు భాషాపరీక్ష నెగ్గవలెను, అమెరికాకైనచో ఎన్‌క్లెక్సు అను అర్హతా పరీక్ష వ్రాయవలెను, జర్మనీకైనచో జర్మను నేర్వవలెను. దళారుల మోసములకు తాళలేక కేంద్రప్రభుత్వము 2015లో గల్ఫు మొదలగు దేశములకు పోవు నర్సుల నియామకములపై ప్రత్యేక నియంత్రణ విధించినది.

ఇంత విస్తరణలో నన్ను కలవరపెట్టు సంగతి యొకటి కలదు. అద్దెమేడలో బోర్డు తగిలించి, సొంత ఆసుపత్రి లేక, బొమ్మమీదనే ఇంజక్షను నేర్పి పట్టా యిప్పించు కళాశాలలు రెండు తెలుగు రాష్ట్రములందును లేకపోలేదు. పూర్వము చాకిరి మిక్కిలియై చదువు కొరవడెను. ఇప్పుడు రోగి కొరవడినాడు. రోగి ముఖమున భయమును చదువుట బొమ్మ నేర్పలేదు.

ఐనను క్రొత్త వాకిండ్లు కొన్ని తెరచుకొనుచున్నవి. 2018 తరువాత ఆరోగ్య ఉపకేంద్రములలో బీఎస్సీ నర్సులను నియమించి, చిన్న జబ్బులకు తామే పరీక్షించి మందిచ్చు అధికారమొసగిరి. కరీంనగరున తెలంగాణ ప్రభుత్వము 2017లో పదునెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించినది. అప్పటికే నర్సులై యున్నవారిని మరల విద్యార్థినులను చేసి, సిజేరియను కోతలు పెచ్చు పెరిగిన ఆసుపత్రులలో సహజ ప్రసవమును నిర్భయముగా నడపగల నేర్పు వారికి గరపుట దాని యుద్దేశము. శిక్షణ ముగించినవారు ప్రభుత్వాసుపత్రుల ప్రసూతి గదులలో డాక్టరు పిలుపుకై ఎదురుచూడక, కాన్పు సాధారణమైనంతసేపు తామే తల్లికి తోడుండి, చిక్కు కనబడిననే డాక్టరును పిలుచుచున్నారు.