వారాల అన్నం

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లందరినీ బడుల లెక్కలు పంపమన్నాడు. 1825లో కడప కలెక్టరు పంపిన జవాబులో లెక్కలతో పాటు ఒక ముచ్చట కూడా ఉంది. పేద బ్రాహ్మణ పిల్లలు చిన్న వయసులోనే ఇల్లు విడిచి, జీతం అడగని గురువున్న ఊరు వెతుక్కుంటూ పోతారనీ, ఆ ఊరి బ్రాహ్మణ ఇళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి వాళ్ళకు రోజూ ఇంత పెడతారనీ రాశాడు. సంతోషంగా పెడతారు, చాటుకోరు అని మెచ్చుకున్నాడు. ఆ ఆచారమే లేకపోతే ఆ పేదపిల్లలకు చదువు అందేది కాదన్నాడు.

ఇంగ్లీషు చదువులు పట్టణాలకు చేరాక పల్లెల పిల్లలు రాజమండ్రి, బందరు, విజయనగరం దారి పట్టారు. అక్కడ వాళ్ళను బతికించినవి వారాలు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో భోజనం. ఏడిళ్ళు కుదిరితే అదృష్టం, కుదరని రోజు పస్తు. తండ్రి పోయాక టంగుటూరి ప్రకాశం తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపింది. అది చాలక ఆయన కూడా వారాలకు కుదిరాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి అలా తిని చదువుకున్నవాడే.

రాజమండ్రి ఇన్నీసుపేటలో మా అమ్మమ్మ గురువారం ఇచ్చేది. ‘అన్నం పెడుతున్నాం’ అనేది కాదు, ‘మాది గురువారం’ అనేది. అమ్మ చెప్పగా విన్న సంగతులివి. ఏకాదశి గురువారం పడితే తను ఉపవాసం, పొయ్యి మాత్రం వెలిగేది. తద్దినం పడితే భోజనాలు ఏ రెండింటికో అవుతాయి, బడి పిల్లాడు అంతసేపు ఎలా ఆగుతాడని ముందురోజే పక్కింటావిడతో మాట్లాడి అక్కడ పెట్టించేది. ఆ కబురు కూడా పిల్లాడికి పొద్దున్నే అందేది, గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరగకూడదని. విస్తరి తన కొడుకుల వరసలోనే వేసేది. ‘ఇంకొంచెం వెయ్యనా?’ అని అడిగేది కాదు. అడిగితే మొహమాటపడి వద్దంటాడని తనకు తెలుసు. మారు అన్నం వేసేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎదురుగా నిలబడితే ఆ పిల్లాడికి ముద్ద దిగదే అనేదట. ‘వారాలబ్బాయి’ అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. పేరుతోనే పిలవాలి.

ఆ పట్టుదల ఎందుకో బయట చూస్తే తెలిసేది. చాలా ఇళ్ళలో ఆ మాట చులకనగానే వినిపించేది. అన్నం పెట్టినందుకు నీళ్ళు తోడించడం, బజారు పనులు చెప్పడం, పిల్లలకు ఊరికే చదువు చెప్పించుకోవడం ఉండేవి. ఓ మూల విస్తరి, నిన్నటి కూర. ఒక్కో ఇంటికి వారానికి ఒక్కరోజే కాబట్టి ఎవరికీ బరువు కాదు, పిల్లాడు ఏ ఒక్కరికీ పూర్తిగా లోబడి ఉండక్కర్లేదు. ఆ ఏర్పాటులో నాకు నచ్చేది ఈ రెండోదే. ఒక ఇల్లు అవమానిస్తే ఆ ఒక్కరోజు వదులుకుని మిగతా ఆరు రోజులతో నెట్టుకురావచ్చు.

అయితే ఆ ఆదరం కులం గీత దాటలేదు. మా అమ్మమ్మ వీధికి నాలుగడుగుల దూరంలో ఉన్న దళిత పిల్లవాడికి గురువారమూ లేదు, మరో వారమూ లేదు. ఇది చెప్పకుండా వారాల గొప్ప చెప్పుకోవడం న్యాయం కాదు. 1918లో హైదరాబాదులో రాజా బహద్దూర్ వెంకట్రామిరెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ మొదలైంది. ఇతర కులాల వాళ్ళూ తమ పిల్లలకు వసతి గృహాలు కట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు సంక్షేమ హాస్టళ్ళు పెరిగాయి. అక్కడ ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండానే పళ్ళెం ముందు కూర్చోవచ్చు. వారాల కంటే అది మేలైన పద్ధతి అని నేను గట్టిగా నమ్ముతాను.

నేను ఉపాధ్యాయుడిగా ఉన్న ఊళ్ళో ఒక హాస్టలుండేది. అక్కడ వంటమనిషి గరిటెలు లెక్కపెట్టి వడ్డించేవాడు. రెండోసారి అడగడానికి చిన్నపిల్లలు జంకేవాళ్ళు. కొత్తగా వచ్చిన వార్డెనుకు అమ్మమ్మ వడ్డన సంగతి చెప్పాను. ఆయన అన్నం గంగాళాన్ని పిల్లల మధ్యకు తెప్పించి, మారు వడ్డన పెద్ద తరగతుల పిల్లల చేతికిచ్చాడు. తమ్ముళ్ళు అడిగేదాకా వాళ్ళు ఆగేవాళ్ళు కాదు.