రాడ్డు ఎవరి చేతికి? పైపు వెల్డింగులోకి దళితుల రాక

కులానికీ వృత్తికీ ఉన్న ముడి గురించి మన దగ్గర చర్చ చాలానే జరిగింది. ఆ చర్చంతా కుమ్మరి సారె, సాలె మగ్గం, మాదిగ లంద చుట్టూ తిరిగింది. నిన్న మొన్న పుట్టిన వృత్తుల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వెల్డింగుకు కులపురాణం లేదు, గోత్రం లేదు. అది ఏ దేవుడి కాలి నుంచీ పుట్టలేదు. 19వ శతాబ్దం చివర రష్యాలో బెనార్డోస్ అనే ఆయన కార్బన్ కడ్డీతో మొదలుపెట్టాడు. 20వ శతాబ్దం తొలి ఏండ్లలో స్వీడన్‌లో పూత పూసిన రాడ్డు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా విమాన కర్మాగారాల్లో టంగ్‌స్టన్ మొనతో, జడవాయువు రక్షణలో చేసే వెల్డింగు స్థిరపడింది. మన సైట్లలో దీన్నే 'ఆర్గాన్' అంటారు. ఇట్లాంటి పనిలోకి కులం ఎట్లా చొరబడుతుంది అన్నదే ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు లైబ్రరీలో పుట్టింది కాదు. మా బాపు 1980ల మొదట్లో ఒక కరెంటు ప్లాంటు కట్టుబడిలో పైపులు మోసిండు. మా పెదనాన్న కొడుకు అదే రకం ప్లాంట్లలో పైపులు అతికిండు. మోయడానికీ అతకడానికీ మధ్య మా ఇంట్లో ఇరవై అయిదేండ్లు పట్టింది. ఆ ఇరవై అయిదేండ్లు ఎందుకు పట్టిందో తెలుసుకోవడానికే పరిశోధనలోకి వచ్చానంటే అబద్ధం కాదు.

1853లో మార్క్స్ 'న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్'లో రాస్తూ, రైల్వేలతో వచ్చే ఆధునిక పరిశ్రమ మన కులాలకు ఆధారమైన వంశపారంపర్య శ్రమవిభజనను కరిగిస్తుందని అంచనా వేశాడు. మన కమ్యూనిస్టు మిత్రులు చాలా కాలం ఈ మాట మీదనే బతికారు. 1936లో అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో దీనికి సమాధానం లాంటిది చెప్పాడు: కులం పనిని విభజించి ఊరుకోదు, పనిచేసేవాళ్లను విభజించి మెట్ల మీద నిలబెడుతుంది. ఆయన దగ్గర దీనికి రుజువు కూడా ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో ఎక్కువ జీతమొచ్చే నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. తెగిన దారాన్ని కండెలో నుంచి నోటితో పీల్చి లాగాలి కాబట్టి మైల అన్నారు. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ సంగతిని యూనియన్ నాయకుల ముందు పెట్టాడు. మిల్లు ఆవిరితో నడిచింది, మగ్గం ఇంగ్లండు నుంచి వచ్చింది, ఎంగిలి మాత్రం మన ఊరిదే.

వెల్డింగులో నోటితో పీల్చేది ఏమీ లేదు. మరి అడ్డం ఎక్కడుంది?

దాని కోసం పని ఎట్లా నేర్చుకుంటారో చూడాలె. గేట్లు, కిటికీ గ్రిల్లులు అతికే వెల్డింగు వేరు, బాయిలరు గొట్టాలు అతికే వెల్డింగు వేరు. రెండోదాన్ని మన దగ్గర 'హైప్రెషర్' అంటారు. గొట్టం అంచును 30 నుంచి 37 డిగ్రీల దాకా ఏటవాలుగా చెక్కుతారు. రెండు గొట్టాల మధ్య మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ సందు వదులుతారు. ఆ సందులో వేసే మొదటి వరసను రూట్ అంటారు. రూట్ లోపలికి దిగకపోతే గొట్టం పనికిరాదు, ఎక్కువ దిగినా పనికిరాదు. ఆర్గాన్‌తో రూట్ వేసి, ఆ మీద 7018 రాడ్డుతో నింపుతారు. ఈ రాడ్డుకు తేమ తగలకూడదు. ఓవెన్‌లో కాల్చి, వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టుకుని పైకి తీసుకుపోతారు. అసలు పరీక్ష '6జి'. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, తిప్పడానికి లేదు. మనిషే దాని చుట్టూ తిరగాలె. కింద తల ఎత్తి, పక్కన పైకి లాగి, మీద వంగి, ఒకే చేత్తో మూడు రకాల పని. బాయిలరు లోపల గొట్టాలు గోడలాగా దగ్గర దగ్గర ఉన్నచోట వెనక భాగం కంటికి కనబడదు. అక్కడ చిన్న అద్దం పెట్టి, అద్దంలో చూస్తూ అతుకుతారు. అద్దంలో చెయ్యి తారుమారుగా కదులుతుంది. మా అన్న దీన్ని వివరించడానికి మా ఇంట్లో తల దువ్వుకునే అద్దం తెచ్చి, నా చేత పెన్సిలుతో గీత గీయించిండు. సరిగ్గా గీయలేకపోయాను. "నీ పీహెచ్‌డీ ఇక్కడ పనికిరాదు తమ్మీ" అన్నాడు.

చెప్పేదేమిటంటే, ఇది పుస్తకంతో వచ్చే పని కాదు. వందల రాడ్లు కాలిస్తేగాని చెయ్యి నిలవదు. కాల్చడానికి రాడ్డు, గొట్టం, కరెంటు, ఖాళీ సమయం, పక్కన నిలబడి తప్పు చెప్పే మనిషి కావాలె. రాడ్డు ఎవరి చేతికిస్తే వాడే వెల్డరు. ఇవ్వడం ఎవరి చేతిలో ఉంది? అక్కడే కులం కాచుకుని కూర్చుంది.

ఈ మాటకు అమెరికా చరిత్రలో కూడా ఒక సాక్ష్యముంది. 1942లో శాన్‌ఫ్రాన్సిస్కో అవతల సాసలీటోలో యుద్ధ అవసరాలకు నౌకలు కట్టడానికి మారిన్‌షిప్ అనే యార్డు లేచింది. మనుషుల కరువు వల్ల నల్లవాళ్లకు కూడా వెల్డింగు పని దొరికింది. కాని బాయిలర్‌మేకర్స్ యూనియన్ వాళ్లను అసలు సంఘంలో చేర్చుకోలేదు. పక్కన 'అనుబంధ' సంఘం పెట్టి అందులో చందా కట్టమంది. చందా ఉంది, ఓటు లేదు. మన ఊళ్లో గుడికి చందా వసూలు చేసి గుడి బయట నిలబెట్టినట్టే. జోసెఫ్ జేమ్స్ అనే నల్ల వెల్డరు, ఆయన తోటివాళ్లు చందా కట్టబోమన్నారు. 1943లో యూనియన్ వాళ్లను పనిలో నుంచి తీయించింది. వాళ్లు కోర్టుకు పోయారు. 1944 చివర కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, పనికి యూనియన్ సభ్యత్వం తప్పనిసరి చేసినప్పుడు రంగును బట్టి సభ్యత్వం నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. గెలిచారు. తర్వాతి ఏడాది యుద్ధం అయిపోయింది, యార్డుల్లో పనీ అయిపోయింది. గెలిచిన హక్కుతో పోయి నిలబడే చోటు మిగల్లేదు.

శాంతికాలపు పైపు పనిలో అడ్డం ఇంకా నున్నగా ఉండేది. పైపుల మీద పొట్టు కట్టే ఆస్‌బెస్టాస్ కార్మికుల సంఘం ఒకటి న్యూ ఓర్లీన్స్‌లో ఉండేది. సభ్యుల కొడుకులకో దగ్గరి బంధువులకో తప్ప కొత్తవాళ్లకు చోటు లేదని నియమం పెట్టుకుంది. సభ్యులందరూ తెల్లవాళ్లే అయినప్పుడు 'కొడుకులకే' అంటే అర్థమేమిటో వేరే చెప్పాలా? 1964 పౌరహక్కుల చట్టం కింద కేసు నడిచి, 1969లో ఆ నియమాన్ని కోర్టు కొట్టేసింది. అదే ఏడాది నిక్సన్ ప్రభుత్వం 'ఫిలడెల్ఫియా ప్లాన్' తెచ్చింది. ప్రభుత్వ డబ్బుతో కట్టే పనుల్లో, పైపు ఫిట్టర్లు, స్టీమ్ ఫిట్టర్ల వంటి కొన్ని వృత్తుల్లో, నల్లవాళ్లను ఎంతమేరకు తీసుకుంటారో కాంట్రాక్టర్లు లక్ష్యం చెప్పాలి. న్యూయార్కు స్టీమ్ ఫిట్టర్ల 638వ లోకల్ మీద కూడా వివక్ష కేసు నడిచింది. 1974లో పై కోర్టు వివక్ష రుజువైందని నిలబెట్టింది. 'మెరిట్' అన్న మాట అక్కడ కూడా వినబడింది. మెరిట్ పేరు చెప్పేవాడి కొడుకుకే ముందు హోల్డరు దొరుకుతుందని అక్కడి కోర్టులకు అర్థమైంది. మన దగ్గర ఆ మాట చెప్పే కోర్టు కాదు గదా, కనీసం అడ్డం పెట్టిన నియమం కూడా రాతలో దొరకదు. మేస్త్రీ నోట్లో ఉంటుంది.

మన చరిత్రకు వద్దాం. తెలుగు నేల మీద పైపు వెల్డింగు పెద్ద ఎత్తున అవసరమైంది విశాఖ ఓడల యార్డు, 1957లో అక్కడే వచ్చిన కాల్టెక్స్ రిఫైనరీ, 1966 నాటి బీహెచ్‌పీవీ, కొత్తగూడెం, 1978లో శంకుస్థాపన జరిగిన రామగుండం ఎన్టీపీసీ, 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు, వీటి వల్ల. 1950 నుంచి ఐటీఐల చదువు మొదలైంది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఎస్సీ ఎస్టీలకు చోటు కేటాయించింది మాత్రం 1973 సవరణతోనే. మధ్యలో పన్నెండేండ్లు. ఆ పన్నెండేండ్లలో ఫ్యాక్టరీల్లో పని నేర్చుకున్నవాళ్లే తర్వాత మేస్త్రీలు, ఫోర్‌మన్లు అయ్యారు. పని నేర్పే చెయ్యి అప్పటికే ఎవరిదో తేలిపోయింది.

ఐటీఐలో వెల్డరు కోర్సు ఏడాది. ఎనిమిది చదివితే చాలు. మా వాడల పిల్లలకు అందిన మొదటి సర్టిఫికెట్ చాలా ఇండ్లల్లో ఇదే, దాన్ని తక్కువ చేయను. కాని మా అన్న ఐటీఐలో ప్లేట్లు అతికిండు. 6జి గొట్టం ముట్టింది లేదు. రాడ్లు లెక్కబెట్టి ఇచ్చేవాళ్లు. పాసై బయటకు వచ్చి ఒక చిన్న కాంట్రాక్టరు గ్యాంగులో హెల్పరుగా చేరి, వేరే రాష్ట్రంలో ఒక సైటుకు పోయిండు. కాంట్రాక్టు గ్యాంగుకు రోస్టరు లేదు. పర్మనెంటు ఉద్యోగంలో రిజర్వేషన్ ఉన్న కంపెనీలోనే, అదే గేటు లోపల, పని చేసేది కాంట్రాక్టు మనిషి. 1991 తర్వాత ఈ పద్ధతి ఇంకా పెరిగింది. మనం చదువుకుని గేటు దాకా వచ్చేసరికి గేటునే మార్చేశారు.

హెల్పరు పని ఏమిటి? కేబులు లాగడం, గ్రైండింగ్ పట్టడం, గొట్టం వేడి చేయడం, చిట్టెం కొట్టడం. మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట ఖాళీ. ఆ అరగంటలో వెల్డర్లు తమ హెల్పర్లకు హోల్డరు ఇచ్చి తుక్కు గొట్టం మీద చెయ్యి తిప్పనిస్తారు. ఇది ఏ నియమావళిలో లేదు. కాని మొత్తం వృత్తి ఈ అరగంటలోనే చేతులు మారుతుంది. ఆ గ్యాంగులో వెల్డర్లంతా ఒకే ఊరివాళ్లు, ఒకే కులంవాళ్లు. వాళ్ల మేనల్లుడు ఎనిమిది నెలలకే రూట్ వేసిండు. మా అన్న నాలుగేండ్లు గ్రైండరు పట్టిండు. ఎవరూ తిట్టలేదు. "నీకెందుకురా, నీ గ్రైండింగ్ బాగుంటది" అని మెచ్చుకునేవాళ్లు. ఈ మెచ్చుకోలు గురించి మన పరిశోధకులు ఎక్కడా రాయలేదు. తిట్టు అయితే కేసు పెట్టొచ్చు.

అతను నేర్చుకున్నది రాత్రి షిఫ్టులో. వాడిన రాడ్ల తుంటలు స్టోరుకు లెక్క అప్పజెప్పాలి. అప్పజెప్పే ముందు ఆ రెండు మూడు అంగుళాల తుంటలను తుక్కు మీద కాల్చేవాడు. అది చూసిన ఒక ముస్లిం ఉస్తాద్, వేరే గ్యాంగు మనిషి, ఒకరోజు పిలిచి ఫుల్ రాడ్డు చేతికిచ్చిండు. ఎందుకిచ్చాడని నేను అన్నను చాలాసార్లు అడిగాను. "ఆయనకు అక్కడ మేనల్లుడు లేడు" అంటాడు. ఇంతకంటే మంచి సిద్ధాంతం నాకు దొరకలేదు.

పరీక్షలో మొదటిసారి తప్పిండు. గొట్టం అడుగున, గడియారంలో ఆరు అంకె ఉండేచోట, రూట్ దిగలేదు. ఎక్స్‌రే ఫిల్ములో నల్లగీత పడింది. రెండోసారి పాసయ్యిండు. ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ కింద బాయిలర్ల ఇన్‌స్పెక్టరు ఇచ్చే ఆ సర్టిఫికెట్టు రెండేండ్ల దాకనే చెల్లుతుంది. మళ్లీ పరీక్ష. పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండే సర్టిఫికెట్లున్న దేశంలో ఇది ఒక వింతే. ఫిల్ము మీద జాయింటు నంబరు, వెల్డరు నంబరు తప్ప పేరుండదు. ఇంటిపేరుండదు. మా వంశంలో కులం అడగకుండా ఒక మనిషి పనిని చూసి మంచిదన్న మొదటి కాగితం అదే. ఆ ఫిల్ముకు నేను మొక్కుతానంటే నవ్వకండి.

కాని ఆ ఫిల్ము దాకా పోయే తొవ్వ మీద ఇంటిపేరు ఉంది. పాసైన వారానికే గదిలో ఉన్నవాళ్లు బిందె వేరే పెట్టుకున్నారు. హెల్పరుగా ఉన్నన్నాళ్లు ఒకే బిందె. సమానుడయ్యాక వేరే బిందె. అతను గది మారిండు. గ్యాంగు కూడా మారి, తర్వాత గల్ఫుకు పోయిండు. అక్కడ అమెరికా కోడ్ ప్రకారం పరీక్ష పెడతారు. ఆరు నెలలు ఆ రకం వెల్డింగు చేయకపోతే అర్హత పోతుంది. క్యాంపులో తెలుగువాళ్లు ఎక్కువైన గదుల్లో ఊరు మళ్లీ మొలుస్తుందని చెప్పిండు. అతను కేరళ, బీహారు మనుషుల గది ఎంచుకున్నాడు.

ఇక్కడ ఒక పక్కమాట. కమ్మరి కొలిమికి గాలి ఊదే తిత్తి తోలుది. ఆ తోలు మా తాతలు ఊనింది. తిత్తి లోపలికి పోయింది, తిత్తి కుట్టినవాడు బయట నిలబడ్డాడు. ఇయ్యాల వెల్డరు చేతి గ్లౌజులు, రొమ్ము మీద ఏప్రాను, కాళ్ల పట్టీలు అన్నీ తోలువే. రెడ్డి కొడుకైనా, వడ్ల బ్రహ్మల కొడుకైనా తోలు తొడుక్కోకుండా ఆర్కు ముందు కూర్చోలేడు. తోలు మైల ఎక్కడికి పోయిందో సైటులో ఎవరినీ అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఈ పని కీర్తి పాడడం నా ఉద్దేశం కాదు. వెల్డింగు పొగ మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఆర్కు కొట్టిన రాత్రి కండ్ల మీద ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని పడుకున్న మనిషిని నేను చూశాను. సైటులో ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మా అమ్మలాంటి వాళ్లు ఇసుక మోయడానికి, ఊడవడానికి మాత్రం ఉన్నారు. హోల్డరు సంగతి సరే, అరగంట కూర్చోవడానికి నీడ లేదు. వాళ్ల చరిత్ర వేరేగా రాయాలి.

పోయిన సంక్రాంతికి అన్న సెలవు మీద వచ్చిండు. ఇప్పుడు అతని కింద ఇద్దరు హెల్పర్లున్నారు. ఒకడు మా బావమరిది. రెండోవాడు ఒడిశా నుంచి వచ్చిన ఆదివాసీ పిలగాడు. మధ్యాహ్నం అరగంట హోల్డరు ఎవరికిస్తున్నావని అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు. "మీ బావమరిది మొదలు నిలబడాలె గదా" అన్నాడు. మరి ఆ పిలగాడు? "వాని గ్రైండింగ్ బాగుంటది" అని, నోట్లో నుంచి వచ్చిన మాట తనకే వినబడి, ఆగిపోయిండు.

మొన్న ఫోన్‌లో చెప్పిండు, వారంలో మూడు రోజులు వానికిస్తున్నాడట.