తాటిటెంక – నేల – హక్కు: తెలంగాణలో తాటిచెట్టు చరిత్రపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు శాసనాలలో వనప్రతిష్ఠ చేసిన దాతల పేర్లు కనిపిస్తాయి. ఊరి గట్లమీద తాటిటెంకలు నాటినవారి పేర్లు ఆ వరుసలోకి రాలేదు. విత్తు నుండి మాత్రమే పెరిగి, ఫలసాయానికి పదిహేనేళ్లకు అటూ ఇటూ పట్టే ఈ చెట్టు చరిత్రను నేలహక్కు, గీతహక్కు, రాజ్యపు పన్నుల కోణం నుండి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: తాటిచెట్టు, ఆబ్కారీ, చెట్టుపన్ను, గీతవృత్తి, తాళపత్రం, సప్తసంతానాలు.

1. ఉపోద్ఘాతం:
దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్, హయత్‌నగర్ మీదుగా విజయవాడకు సాగే జాతీయ రహదారి నల్లగొండ ప్రాంతపు తాటివనాలను హైదరాబాదు నగరంతో కలుపుతుంది. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైన పన్నెండు పురపాలక సంఘాలలో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం కూడా ఉన్నాయి. పొలాలు ఇళ్ల స్థలాలుగా మారే క్రమంలో ముందుగా చెరిగిపోయేది పొలం గట్టు. తాటిచెట్టు ప్రధానంగా నిలిచే చోటు కూడా ఆ గట్టే. అందువల్ల తాటిచెట్టు చరిత్ర గట్టు చరిత్ర కూడా అవుతుంది.

మన సంప్రదాయం పుత్రుడు, తటాకం, దేవాలయం, అగ్రహారం, వనం, నిధి, కావ్యం అనే ఏడింటిని సప్తసంతానాలుగా భావించింది. వనం నాటడం కీర్తిని నిలిపే పుణ్యకార్యం. అయితే ఆ కీర్తి దాతది. గుంత తీసి విత్తు వేసిన చేతికి అందులో భాగం లేదు. తాటిచెట్టు విషయంలో ఈ మౌనం మరింత లోతైనది.

2. విత్తు స్వభావం:
తాటిపండులో సాధారణంగా మూడు టెంకలుంటాయి. టెంక మొలకెత్తినప్పుడు మొలక మొదట నేలలోకి దిగుతుంది, ఆ తరువాతనే ఆకు పైకి వస్తుంది. ఆ దశలో తవ్వితీసినదే కోస్తాలో తేగ, తెలంగాణలో గేగు. టెంకలోపలి మెత్తని గుజ్జు బుర్రగుంజు. అంటే తినడానికి పాతిన టెంక, చెట్టుకోసం పాతిన టెంక మొదట ఒకే తీరున పెరుగుతాయి. తవ్వకుండా వదిలినదే చెట్టవుతుంది. తాడిని నాటడమంటే సగం తిండిని వదులుకోవడమే.

మొలక లోతుగా దిగడం వల్ల దీనిని ఒకచోట పెంచి మరొకచోటికి మార్చడం కష్టం. మొదటి కొన్నేళ్లు కాండం కనిపించదు. ఆకులు మాత్రమే నేలను అంటిపెట్టుకొని ఉంటాయి. అది పోతుతాడో పండుతాడో పూత వచ్చేదాకా తెలియదు.

ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతాలలోని నల్ల అక్రోటు చెట్టుతో దీనిని పోల్చవచ్చు. లోతైన తల్లివేరు వల్ల దాని విత్తును కూడా పెరగవలసిన చోటనే నాటడం మేలు. మంచి కలప కావడానికి దశాబ్దాలు పడుతుంది. అక్కడ పొలం యజమాని తన మనుమల కోసం విత్తు నాటితే, కలప కూడా ఆ కుటుంబానిదే అవుతుంది. తెలంగాణ తాటిచెట్టు విషయంలో నేల ఒకరిది, గీత మరొకరిది, పన్ను ఇంకొకరిది.

3. చెట్టుపై రాజ్యాధికారం:
నిజాం రాష్ట్రంలో ఆబ్కారీ ప్రధాన ఆదాయ మార్గాలలో ఒకటి. 1316 ఫసలీ (1906–07) నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం కల్లుగీతను ప్రభుత్వ నియంత్రణలో ఉంచింది. గీతహక్కును ముస్తాజరులు వేలంలో పొందేవారు. పట్టాభూమిలోని చెట్లకు పట్టాదారుకు దక్కే సొమ్మును హక్కు మాలికానా అనేవారు. గీతకార్మికుడు చెట్టుపన్ను భారం మోస్తూనే దొరల ఇళ్లకు ఉచితంగా కల్లు పోయవలసి వచ్చేది. 1946–51 నాటి తెలంగాణ సాయుధపోరాటం ఎదిరించిన వెట్టిరూపాలలో ఇదీ ఒకటి.

ఈ ఏర్పాటులో టెంక నాటిన వ్యక్తికి ప్రత్యేకమైన స్థానం లేదు. చట్టం గీయడానికి సిద్ధంగా ఉన్న చెట్టునే చూసింది. దానిని లెక్కించి, పన్ను విధించింది. గట్టుమీది మొలక పదిహేనేళ్లపాటు ఆ లెక్కకు బయటే ఉండేది.

రాజ్యం చూపుకు, ప్రజల స్మృతికి మధ్య ఇటువంటి ఎడం కొత్తది కాదు. 1708లో వరంగల్‌పై దాడి చేసిన సర్వాయి పాపన్న గీతవృత్తి కులానికి చెందినవాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ దృష్టిలో అతడు దోపిడీదారు. జానపద కథాగానంలో వీరుడు. జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ఈ రెండు దృష్టులను పక్కపక్కన నిలిపి చదివారు. తాటిచెట్టు చరిత్రకూ అటువంటి జంటపఠనం అవసరం.

4. తాళపత్రం:
తెలుగు సాహిత్య పరిశోధకులకు ఈ చెట్టు పరాయిది కాదు. శ్రీతాళంతో పాటు తాటాకు కూడా మన గ్రంథాలకు ఆధారమైంది. ఆకులను ఎండబెట్టి, ఉడకబెట్టి, నునుపుచేసి, గంటంతో రాసి, అక్షరాలు కనబడేలా మసి పూసేవారు. ఆకు శిథిలమయ్యేలోపు మరో ప్రతి తయారు కావాలి. అందుకు కొత్త ఆకు, అది ఇచ్చే చెట్టు, అంతకుముందే నేలలో పడిన టెంక ఉండాలి. సి.పి. బ్రౌన్ (1798–1884) సేకరించి ప్రతులు రాయించిన గ్రంథాల వెనుక లేఖకుల శ్రమతో పాటు ఈ పెంపకం కూడా ఉంది. పాఠపరిష్కరణలో ప్రతిని, లేఖకుణ్ణి చర్చిస్తాం. ఆకు వచ్చిన చోటును ప్రశ్నించడం అరుదు.

5. నేటి స్థితి:
1968 ఎక్సైజ్ చట్టం తరువాత కల్లుగీత సహకార సంఘాలు, గీతకార్మికునికే చెట్టును కేటాయించే పద్ధతి అమలులోకి వచ్చాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెట్ల నరికివేతకు అనుమతి తప్పనిసరి చేసింది. 2015లో మొదలైన హరితహారంలో తాటి, ఈత చెట్లకూ చోటు దక్కింది. అయినా మౌలిక సమస్య మిగిలే ఉంది. గీసేవానికి నేల లేదు. నేల ఉన్నవానికి గట్టుమీది తాడి నీడపట్టుగా, స్థలం అమ్మకానికి అడ్డుగా కనిపిస్తుంది. పదిహేనేళ్ల తరువాత ఆ నేల ఎవరి చేతిలో ఉంటుందో తెలియనప్పుడు టెంక పాతి వదిలే ఓపిక ఎవరికీ ఉండదు. నగర శివార్లలో తాడి తగ్గడానికి గొడ్డలి ఎంత కారణమో, కొత్త టెంక పడకపోవడమూ అంతే కారణం.

6. ముగింపు:
• తాటివనాలు కేవలం ప్రకృతిసిద్ధాలు కావు. తినకుండా వదిలిన టెంకలు, చెరపకుండా ఉంచిన గట్లు వాటిని నిలిపాయి.
• నేలహక్కు, గీతహక్కు వేరుపడటం వల్ల నాటేవారి శ్రమ ఆబ్కారీ లెక్కలలో కనిపించకుండా పోయింది.
• ఆబ్కారీ దస్త్రాలను గౌడపురాణం చెప్పే ఏనూటివారి పటం కథలతో, వృద్ధ గీతకార్మికుల జ్ఞాపకాలతో కలిపి చదివినప్పుడే ఈ చరిత్ర పూర్తవుతుంది. తాడి, తాటి అనే మాటలున్న ఊరిపేర్లను మాత్రం శాసనాలలోని పూర్వరూపాలతో సరిచూసిన తరువాతే సాక్ష్యంగా గ్రహించాలి.
• దస్త్రాలు భద్రంగా ఉంటాయి. వృద్ధుల జ్ఞాపకాలకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఈ అంశంపై క్షేత్రపరిశోధన ముందుగా మౌఖిక సేకరణతో మొదలుకావడం అవసరం.