మిల్లు కూతతో మేల్కొన్న వీధి

మదరాసు పెరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులను జనులు బిన్నీ మిల్లు అనేవారు. అక్కడి కార్మికుల కష్టాల నుండే 1918లో మదరాసు కార్మిక సంఘం జన్మించింది.

మిల్లు చెంత మేము పెరిగిన వరుస ఇండ్లలో గడియారాలు అరుదు. కూతయే అందరికీ వేళ తెలిపేది. తల్లి పనిమీద వెళితే పొరుగింటి అత్తయే బిడ్డకు అన్నం కలిపేది. కుళాయి వద్ద తెలుగూ తమిళమూ ఏకమయ్యేవి, తగవులతో సహా! 1921 సమ్మెను గురించి అరుగులమీద వృద్ధులు చెప్పినంత వివరంగా ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పలేదు.

1996లో మిల్లు మూతపడింది. కుటుంబాలు చెదిరాయి, పిమ్మట ఆ ఇండ్లూ నేలమట్టమైనవి. గుమ్మిడిపూండి రైలుమార్గం వెంట స్థిరపడినవారి మనుమలు కొందరు మన కవరైపేట్టై పాఠశాలకు వచ్చారు. హాజరుపట్టీలో ఎరిగిన ఇంటిపేరు కనబడితే, “మీ తాతగారు నేతలోనా, వడుకులోనా?” అని అడుగకుండా ఉండలేను.