సుబ్బారావు మందు, గుంటూరు మిర్చి

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల కల్లాల్లో మిర్చి ఆరబోసిన రోజుల్లో వాన పడితే రైతు గుండె జారుతుంది. తడిసిన కాయ రంగు పోయి తాలు కింద జమవుతుంది, బూజు పడుతుంది. ఆస్పర్‌జిల్లస్ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం మాత్రం కంటికి ఆనదు. దాన్ని పట్టిచ్చే పరీక్షల్లో ఒకటి యాంటీబాడీ పరీక్ష. ఆ పరీక్ష కథ భీమవరం దాకా వెళుతుంది.

1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపారు. ఆయన బృందం 1940ల్లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ వెనకే దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌నూ చేసింది. డీఎన్ఏ కట్టుకోవడానికి కావలసినవి కణానికి అందకుండా చేయడమే దీని పని. 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రచురించిన ఫలితాల ప్రకారం, దీన్ని లుకేమియా పిల్లలకిస్తే 16 మందిలో 10 మందికి, తాత్కాలికంగానైనా, గుణం కనిపించింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

మందు ఆగలేదు. 1964లో జాన్ లిటిల్‌ఫీల్డ్ దానికి హైపోజాంథిన్, థైమిడిన్ చేర్చి, ఒకదానితో ఒకటి కలిసిపోయిన కణాలను ఏరే జల్లెడగా మార్చారు. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ యాంటీబాడీలు చేసే ఎలుక ప్లీహ కణాలను క్యాన్సర్ కణాలతో కలిపి ఆ మిశ్రమంలో వేశారు. కలవని క్యాన్సర్ కణాలు అమినోప్టెరిన్ దెబ్బకు చచ్చాయి. కలవని ప్లీహ కణాలు వాటంతటవే పోయాయి. కలిసినవి మిగిలి, ఒక్కొక్కటి ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా ఇచ్చాయి.

ఆ ఒకే రకం దొరకడం చిన్న విషయం కాదు. యాంటీబాడీ జన్యువు ముక్కలుగా ఉంటుందని, యాంటీబాడీని తయారుచేసే బి-కణం ఎదిగేటప్పుడు ఆ ముక్కలు కొత్త వరుసలో అతుక్కుంటాయని 1976లో సుసుము టోనెగావా చూపారు. ఒంట్లో కోట్ల రకాల యాంటీబాడీలు పుట్టేది ప్రధానంగా ఈ కూర్పులతో. అమినోప్టెరిన్ ఆ ముక్కల జోలికి పోదు. అవి కలిసి పుట్టించిన వైవిధ్యంలోంచి మనకు కావలసిన ఒక్కదాన్ని నిలబెట్టుకోనిస్తుంది. సుబ్బారావు బృందం పనికి ఇంతకన్నా పెద్ద కొనసాగింపు లేదనిపిస్తుంది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1999లో అఫ్లటాక్సిన్ బి1ను గుర్తించే ఇలాంటి యాంటీబాడీల తయారీని ప్రచురించారు. 2001లో వెలువడిన మరో అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ యార్డులు, కోల్డ్ స్టోరేజీల నుంచి తెచ్చిన 182 మిర్చి నమూనాలను ఎలీసా అనే యాంటీబాడీ పరీక్షతో చూస్తే 59 శాతంలో ఆ విషం తేలింది. అత్యధిక మోతాదు మూడో గ్రేడు కాయలో కనిపించింది. యూరప్ మార్కెట్ కిలోకు 5 మైక్రోగ్రాములు దాటితే సరుకును ఒప్పుకోదు.

మిర్చి టిక్కీలు (బస్తాలు) యార్డుకు చేరకముందే, కల్లం దగ్గరే ఈ పరీక్ష రైతుకు చౌకగా అందాలి. అందేదాకా పట్టాల మీద ఆరబోయండి, తాలును విడిగా ఏరి పెట్టండి.