నెలలు నిండకుండానే కాన్పు ముప్పు.. 5వ నెల స్కానింగ్‌లోనే తెలుసుకోవచ్చు!

37 వారాలు నిండకముందే కాన్పు అయితే బిడ్డకు ముప్పే. 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.34 కోట్ల మంది ఇలా పుట్టారు. ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టేందుకు డాక్టర్లు చూసేది గర్భసంచి ముఖద్వారం పొడవు. నొప్పులేమీ లేకుండానే అది కుదించుకుపోవచ్చు. పొట్టపై నుంచి చేసే స్కాన్ కంటే, యోని ద్వారా చేసే స్కాన్‌లో కొలత కచ్చితంగా వస్తుంది. 24 వారాల్లోపు 25 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే జాగ్రత్త పడాలి. అలాగని ముందే కాన్పు అయిపోతుందని కంగారొద్దు. ప్రొజెస్టిరాన్ మందుతో ముప్పు తగ్గించొచ్చు. గతంలో నెలలు నిండకుండా కాన్పు అయినవారికి అవసరమైతే కుట్టు వేస్తారు. అందుకే టిఫా స్కాన్‌కు వెళ్లినప్పుడు ముఖద్వారం పొడవెంతో తప్పక అడగండి. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.