వాక్యమును పరీక్షించు యంత్రములు

భాషకు లెక్కవలె నిబంధనలు వ్రాయు శాస్త్ర మొకటి ఇరువదవ శతాబ్దమున పుట్టినది. కంప్యూటరు విద్య నభ్యసించు మన పిల్లలకు నేడు అది తప్పని పాఠము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించిన మేము, ఉద్యోగ విరమణానంతరము, హాప్‌క్రాఫ్ట్, ఉల్‌మన్ అను పండితులు 1979లో ప్రకటించిన పాఠ్యగ్రంథమును ముందుంచుకొని దానిని నేర్వబూనితిమి. ఉపపత్తులు పెక్కు కొఱుకుడు పడలేదు. చరిత్రము మాత్రము మనసునకు పట్టినది.

1943లో మెకల్లక్, పిట్స్ అనువారు మెదడులోని నాడీకణముల పనిని గణితరూపమున వర్ణించిరి. అట్టి పరిమిత యంత్రము లెట్టి అక్షరక్రమములను గుర్తింపగలవో స్టీఫెన్ క్లీనీ 1956లో అచ్చైన వ్యాసమున తేల్చెను. ఒక్కొక్క అక్షరమును చూచి, ఒక స్థితినుండి మఱియొక స్థితికి పోవుటయే ఈ యంత్రము పని. గ్రంథములోని ఉదాహరణములు సున్నలు, ఒకట్లు. మాకు కందపద్యము తోచినది. ఎనిమిది గణముల అర్ధపద్యమున బేసి గణము జగణము కారాదు. ఆఱవది నలముగాని జగణముగాని కావలెను. ఎనిమిదవదాని తుద గురువుండవలెను. ఎన్నవ గణము, ఎన్ని మాత్రలు అనునది గుర్తున్న చాలును. ప్రాసాక్షరము సైతము వర్ణమాలలోని కొన్నింటిలో ఒకటే గదా! కావున కందమునకు ఈ చిన్న యంత్రమే చాలును.

వాక్యము సంగతి వేఱు. పరిమిత యంత్రము వాక్యనిర్మాణమునకు చాలదని నోమ్ చామ్‌స్కీ 1956లోనే ఆంగ్లము నుదాహరించి చూపెను. తెలుగున ఇది మఱింత తేటపడును. "రాముడు, సీత, లక్ష్మణుడు వచ్చెనని చెప్పెనని వినెను" అను వాక్యమును చూడుడు. కర్తలు మువ్వురు వరుసగా వచ్చిరి. క్రియలు తలక్రిందుగా వచ్చినవి. కడపటి లక్ష్మణునికి మొదటి క్రియ, మొదటి రామునికి కడపటి క్రియ. లోపలి వాక్యముల నెన్నియైనను చేర్పవచ్చును గనుక కుండల దొంతివంటి జ్ఞాపకము కావలెను. పైన పెట్టినది ముందు తీయవలెను. (కచేరీ బల్లపై దస్త్రముల గతియు ఇదియే; అడుగున పడిన అర్జీ సంగతి పాఠకు లెఱుగుదురు.)

1959లో బాకస్ అను నాతడు కంప్యూటరు భాషకు నిబంధనలు వ్రాయు పద్ధతి నొకదానిని చూపెను. అది పాణిని పద్ధతిని పోలియున్నది గనుక పాణిని పేరును చేర్పవలెనని 1967లో ఇంగర్‌మన్ సూచించెను. ఇందువలన పూర్వులకు కంప్యూటరు తెలియునని చాటుట తగదు. వారికి సూత్రము తెలియును. ఆ సూత్రపద్ధతిలోనే బాలవ్యాకరణమును రచించిన చిన్నయసూరి పుట్టినది పెరుంబూదూరు, పనిచేసినది చెన్నపట్టణము.

మన యిండ్లలో తెలుగు లిపి రాని పిల్లలు పెక్కురు కలరు. పై వాక్యమును వినిపించి, వచ్చిన దెవరని వారి నడుగుడు. ఒక్క క్షణమాగి లక్ష్మణుడని చెప్పుదురు. దొంతి వారిలో నున్నది. చిన్న యంత్రమునకు చాలిన కందమే వారికి రాదు. గురులఘువులను ఎవరైన ప్రక్కన కూర్చుండి చెప్పవలెను.